సూరమ్మ దినం బట్టలు

చచ్చిపోయిన మనిషికి వడ్డించిన చేపల కూర నేను తిన్నాను. ఉప్పు కాస్త ఎక్కువైంది. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తరవాత వీలుపడకపోవచ్చు.

పోర్ట్‌బ్లెయిర్ బతు బస్తీలో కుట్టుమిషను పెట్టిన కొత్తలో, ఫోన్లో వీడియోలు చూసి నాకు జ్ఞానోదయమైంది. ఫ్యాషనంటూ జనం కొని పారేసే బట్టలతో భూమి నిండిపోతోందనీ, పాలిస్టర్ చీర మునిమనవల కాలానికీ కుళ్లదనీ, జాకెట్టుకు హుక్కు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా ప్రసంగం ఇచ్చేదాన్ని. "పాత చీరకు కొత్త ప్రాణం" అని బోర్డు రాయించి, గుమ్మం ముందు నీలం డ్రమ్ము పెట్టాను. పాత బట్టలు అందులో వేయండి, లేదా మీ అరుగు మీద పెట్టండి, నేనే తీసుకెళ్తానని వెనక వీధిలో చాటాను.

మర్నాడే ఒక అరుగు మీద మూట! దాని మీద తెలుగు చీటీ. నాది హిందీ చదువు, తెలుగు కూడబలుక్కోవాలి. "సూ-ర-మ్మ ది-నం బ-ట్ట-లు." దిన్ అంటే రోజు. అంటే సూరమ్మగారు రోజూ కట్టుకునే బట్టలు! చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు సరిగ్గా చదవలేకనే పోయింది. అయ్యో పాపమని పాత చీర ఇస్తే ఇంటి వెనక్కి వెళ్లి మూర వేసిందట ఒకావిడ. నాకు ఎవరూ ఇవ్వకముందే మూర వేసేశాను.

మూటలోని ఆకుపచ్చ పాలిస్టర్ చీరతో పొడుగు కోటు కుట్టాను. మూడుసార్లు సూది విరిగింది. అప్పుడైనా ఆగాలా? ఆగలేదు.

వారం తిరక్కుండా, వాన పడుతున్న ఓ మధ్యాహ్నం ఆ కోటు తొడుక్కుని మళ్లీ బట్టల కోసం అదే వీధికి వెళ్లాను. కరెంటు లేదు. ఆ అరుగింట్లో మసక చీకట్లోంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"వచ్చినావా సూరమ్మా?"

నా పేరు గౌరి అని చెప్పాలి. చెప్పేలోపే ఆ ముసలాయన మళ్లీ అందుకున్నాడు.

"నీ మూట నువ్వే అట్టుకెల్లినావని ఈదంతా అంటన్నారు. సంద్రానికి నేనిద్దునుగా, అంత తొందరేటే?"

సూరమ్మ బతికి లేదన్నమాట. నేను ఆమె చీరలో ఉన్నాను.

"ఆ రోజు కూడు తినకుండానే ఎలిపోనావు. కూకో. తినీసి ఎల్లు. నువ్వెల్తే గాని నాకు నిద్దరట్టదు."

పళ్లెం ముందుకు తోశాడు. కూర్చున్నాను. తిన్నాను.

"ఉప్పెక్కువైనాదా?"

"ఊఁ."

"నువ్వే!" ఆయన పళ్లెం ఇంకా దగ్గరికి నెట్టాడు. "బతికున్నప్పుడూ ఇదే మాట."

అంతలో ఆయన కోడలు పైడమ్మ వచ్చి, చేతిలో బకెట్టు వదిలేసి కేకపెట్టింది.

"అరే దీదీ! మా అత్త చీర నీ ఒంటిమీదకెలాగొచ్చింది?"

"చీటీలో ఉందిగా... దిన్ కే కపడే!"

"దిన్ కాదు దీదీ, దినం! సచ్చినోల్ల దినం! సంద్రంలో ఒగ్గీసీ బట్టలు! ఎవులూ ముట్టకూడదనే చీటీ ఎట్టినాం!"

తంతారనుకున్నాను. తాత నా చెయ్యి తడిమాడు. ఆయనకు చూపు ఆనదని, చీర గరగర విని సూరమ్మ అనుకున్నాడని అప్పుడు తెలిసింది.

"ఎవులైతేనేటి? ఉప్పెక్కువని సెప్పింది, కడుపు నిండా తింది."

సిగ్గుతో చచ్చిపోయాను. వాన తెరిపివ్వగానే ముగ్గురం ఒడ్డుకెళ్లి కోటును సముద్రంలో వదిలాం. ఆ రోజు నుంచి తాతకు హాయిగా నిద్రపడుతోందట.

మూడో రోజు పొద్దున్నే షాపు తెరిస్తే, నా డ్రమ్ములో ఆకుపచ్చ కోటు. ఒళ్లంతా తడి, ఇసుక. చేతులు రెండూ డ్రమ్ము అంచు పట్టుకున్నట్టు బయటికి వేలాడుతున్నాయి. పాలిస్టర్ కుళ్లదు, ఒడ్డుకొచ్చి పడుతుంది, ప్రసంగాలు ఇచ్చింది నేనే కదా! ఎవరో తెచ్చి వేసుంటారని వీధంతా అడిగాను. ఎవరూ వేయలేదట.

తాతకు చెప్పలేదు. ఆయన నిద్రపోతున్నాడు, నిద్రపట్టనిది ఇప్పుడు నాకు. కోటు నా పెట్టెలోనే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా ఉప్పు వాసన పోవడం లేదు.

కాబట్టి కుట్టుమిషను మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. చీటీ ఇంకొకరితో చదివించుకోకుండా ఏ మూటా ముట్టను. బోర్డు మీద "కొత్త ప్రాణం" చెరిపించి "మరమ్మతు" అని రాయించాను. ఇకమీదట ప్రాణాల జోలికి పోను.