ఎమ్మిగనూరు బస్సులో మావాడన్న మాట

మా పిల్లోడు మొదట రెండు మాటలు కలిపి ఎప్పుడన్నాడని ఎవరడిగినా, ఎమ్మిగనూరు బస్సులో అని చెప్తాను.

ఆదోనిలో ఒక ముసలాయన ఎక్కి మా పక్కన కూర్చున్నాడు. పత్తి అమ్ముకొని పోతున్నట్టుంది, చొక్కానిండా దూది. ఒళ్లో మావాడు ఆ దూది గిల్లుతున్నాడు.

"ఏమ్మా, మాటలొచ్చినాయా?"

"రెండేండ్లు దాటినా ఒక్కో మాటే తాతా. రెండు కలిపి అనడు. భయమైతాంది."

"భయమెందుకు? ఇంట్లో మనం అనేటివన్నీ లోపల పెట్టుకుంటారు. ఒక దినం అవే బయటికొస్తాయి."

మా ఇంట్లో అనే మాటలు నాకు తెలుసు.

ఇంతలో లారీ అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకేసినాడు. పైరాడ్డు పట్టుకోవాలని ముసలాయన గబుక్కున చెయ్యెత్తినాడు. మావాడు నా మెడ కరుచుకొని అరిచినాడు.

"అమ్మను కొట్టొద్దు!"

ముసలాయన నా మొహం చూడలేదు. చెయ్యి మెల్లగా దించి తువ్వాల కింద పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని బ్రేకులు పడినా ముందు సీటుకు గుద్దుకున్నాడే గానీ, ఆ చెయ్యి మళ్లీ పైకెత్తలేదు.

బిడ్డ మాటలు కలిపినాడన్న సంగతి ఇంట్లో చెప్పకుండా ఉండలేకపోయినాను.

"ఏమన్నాడే?" అన్నాడు మా ఆయన.

"లారీ వచ్చింది అన్నాడు."

మావాడు నా మొహం చూసినాడు. నోరు మాత్రం తెరవలేదు.