తేలికగా ఉందని ఎంచుకున్న తుపాకీ

మొన్న శుక్రవారం ఇక్కడ ఒమాన్‌లో, ఘుబ్రాలోని మా రూమ్ కింద టీ తాగుతుంటే, పక్క బిల్డింగులో ఉండే హైదరాబాదు ఇంజనీరు ఒకాయన వచ్చి ఫోను నా ముందు పెట్టాడు. "చాచా, మీరు మునుపు షూటింగ్ గ్రౌండ్ల పనిజేశిన్రట గదా. మా కంపెనీ నడిపే అర్బాబ్ కొత్తగా నేర్చుకుంటడట. ఒక్క తూటాదే, తక్కువ ధరల మంచిది ఏదో జర జూసి చెప్పుండ్రి" అన్నాడు. తెర మీద వరసగా ఒంటి గొట్టం తుపాకులు. కళ్లద్దాలు తెచ్చుకోలేదని అబద్ధం చెప్పి పైకి వచ్చేశాను. అద్దాలు చొక్కా జేబులోనే ఉన్నాయి.

నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది. మనం వచ్చిన రోజుల్లో ఫలానా పనే చేస్తానని అనే ధైర్యం ఎవరికుండేది? బిల్డింగ్ పనికని వచ్చిన నన్ను, సైట్ మూతపడగానే కంపెనీ బౌషర్ దాటాక కొండల పక్కనున్న షూటింగ్ గ్రౌండుకు పంపింది. అక్కడ స్టోరు నా డ్యూటీ. మిషన్ ఒకటి మట్టి బిళ్లలను గాలిలోకి విసురుతుంటే, వచ్చినవాళ్లు వాటిని తుపాకీతో పేల్చేవారు. రెండేళ్లకు మేనేజరును బతిమాలి, నా భార్యకున్న ఒక్కగానొక్క తమ్ముణ్ణి కూడా అదే గ్రౌండుకు రప్పించుకున్నాను. హమ్రియాలో ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. వంట అతనిదే, చింతపండు నానబెట్టడం మాత్రం నాది. మొదటి రోజు నేలంతా పరుచుకున్న నారింజ రంగు పెంకులు చూసి, "గింత మంచి బిళ్లలను పలగ్గొట్టెతందుకు పైసలిస్తరా బావా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు పెరిగారని, వాళ్ల కోసం చవకలో ఒక్క తూటా తుపాకులు కొనాలని మేనేజరు అనుకున్నాడు. ఒక్కొక్క తూటా పెట్టి పేల్చాలి గనుక తొందరపడకుండా నేర్చుకుంటారని ఆయన లెక్క. దుకాణం వాళ్లు రెండు రకాలు చూడటానికి పంపితే, ఏది కొనాలో చెప్పమని నాకే అప్పగించాడు. ఒకటి చేతికర్రలా తేలిక. రెండోది బరువు, వెనక చెక్కకు మందపాటి రబ్బరు, ధర కొంచెం ఎక్కువ. అక్కడ నేర్పే ముసలి ఒమానీ ఉస్తాదు రెండూ ఎత్తి చూసి, "హల్కా మత్ లో, బహుత్ మారేగా" అన్నాడు. తేలిక తుపాకీ భుజాన్ని గట్టిగా తన్నుతుందని నాకూ తెలుసు. కాని సూపర్‌వైజరు పని ఖాళీగా ఉంది, తక్కువలో తెమిల్చానని మేనేజరు మెచ్చుకోవాలి. తేలికదే మంచిదన్నాను.

ఆర్డరు పెట్టేముందు ఒక పెట్టె తూటాలు, అంటే ఇరవై ఐదు, పేల్చి చూడమన్నాడు మేనేజరు. ఆ రోజు ఉస్తాదు సెలవు. పని లేని మధ్యాహ్నాల్లో ఆయన దగ్గర కాస్త నేర్చుకున్న మా బావమరిది నేను పేలుస్తానని ముందుకొచ్చాడు. ఏడో బిళ్ల పగిలినప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్విన నవ్వు ఇంకా కళ్లలో ఉంది. పదకొండోదానికి భుజం కదిలించుకోవడం మొదలుపెట్టాడు. "ఇగ సాలు బావా?" అన్నాడు. "మేనేజర్ చూస్తుండు, కొట్టు" అన్నాను. పంతొమ్మిదోదానికి తుపాకీ మెల్లగా కింద పెట్టి అక్కడే కూలబడ్డాడు.

చిన్నతనంలో ఎడ్లబండి మీంచి పడి విరిగి అతుక్కున్న భుజం ఎముకట. మెడికల్‌లో ఫెయిల్ చేస్తారేమోనని ఎవరికీ, నాక్కూడా, చెప్పలేదు. సరిగ్గా అక్కడే మళ్లీ విరిగింది.

తుపాకీ బాగోలేదా అని మేనేజరు అడిగాడు. బెంచీ మీద చెయ్యి పట్టుకుని కూర్చున్న అతని ముందే, తుపాకీ బ్రహ్మాండంగా ఉంది సార్, వీడే భుజానికి సరిగ్గా ఆనించలేదు, అని హిందీలో చెప్పాను. అతనికి హిందీ బాగానే వచ్చు. ఒక్కసారి నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు.

ఎముక వంకరగా అతికింది. పనికిరాడని రాసి కంపెనీ ఇంటికి పంపేసింది. ఎయిర్‌పోర్టులో అతనన్నది ఒక్కటే: "అక్కకు ఏం చెప్పకు బావా. సైట్ల జారిపడ్డ అని చెప్త."

అవే తుపాకులు ఆరు వచ్చాయి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నాలుగు తూటాలకే భుజాలు రుద్దుకుంటూ వెళ్లిపోయేవారు. ఉస్తాదు మళ్లీ నాతో మాట్లాడలేదు. సూపర్‌వైజరు పని నాకే ఇచ్చారు.

ఊళ్లో అతను మూట ఎత్తలేక, ఇంకొకరి తోటకు కాపలా ఉండేవాడు. సెలవుకు వెళ్లిన ప్రతిసారీ తప్పు నాదేనని చెప్పేయాలనే వెళ్లేవాణ్ణి. మంచం మీద జరిగి చోటిచ్చి, వానల గురించి, మోటారు కాలిపోవడం గురించి మాట్లాడేవాడు. ఒకసారి నోరు తెరవబోతే, "చాయ్ తాగు బావా, సల్లారుతది" అన్నాడు. నా భార్యకు ఇప్పటికీ తెలియదు.

పోయిన వానాకాలంలో అతను జ్వరంతో పోయాడు. మన రోజుల్లో ఇంటి దగ్గర ఎవరైనా పోతే ఉత్తరం చేరేసరికి దినాలు కూడా అయిపోయేవి. ఆ ఉత్తరం పట్టుకుని ఎంత ఏడ్చేవాళ్లమో మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు అలా కాదు, చితికి నిప్పు పెట్టడం కూడా అరచేతిలోని ఫోనులో చూశాను. కబుర్లన్నీ ఆ క్షణానికే చేరిపోతున్న ఈ కాలంలో, నేను చెప్పవలసిన ఆ ఒక్క మాట మాత్రం చేరలేదు. ఇక చేరడానికి అటువైపు మనిషి లేడు.