దసరాకు మోగే ఫోను

సంచి భుజాన వేసుకుని మీ ఇంటి గడప దాటుతున్న మనిషిని "ఎక్కడికి?" అని మీరు ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉండరు. అపశకునం కదా.

ఖతర్‌లో ఒక టెలిఫోన్ ఆఫీసులో టోకెన్ పట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళో మీగడ రంగు పాత ఫోను. మాట్లాడే రంధ్రాల్లో ఇరవై దసరాల కుంకుమ గట్టిపడి ఉంది, దగ్గరికి తెస్తే ఊదుబత్తి వాసన. బయట ప్రపంచకప్పు కోసమని ఊరు ఊరంతా తవ్విపోస్తున్నారు. అల్ ఘర్రాఫాలో నేను పెరిగిన విల్లా కూడా కొత్త రోడ్డు కిందికి పోతోంది. ఇల్లు పోతే పోనీ, ఆ ఇంటి నంబరు మాత్రం నా సెల్‌ఫోనులోకి రావాలి. అందుకే వచ్చాను.

నాయిన ఆ విల్లా యజమానికి డ్రైవరు, అమ్మ వంట చేసేది. వెనక రెండు గదుల్లో మేముండేవాళ్ళం. యజమాని మా గదిలో పెట్టించిన ఆ ఫోను నంబరును జగిత్యాల వైపు మా ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద జాజుతో రాసుకున్నారు. మేం ఖతర్‌లో ఉన్నామని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకది దుబాయ్ నంబరే. సెలవురోజు శుక్రవారం వచ్చిందంటే కూలీల క్యాంపుల నుంచి, తోటల నుంచి మనుషులు దిగేవాళ్ళు. కొబ్బరినూనె, అత్తరు, చెమట, పొయ్యి మీద ఉడికే మటన్, ఏసీ నీళ్ళు కారి తడిసిన సిమెంటు, అన్నీ కలిసి ఒకే వాసనయ్యేవి. పిల్లలం ఖర్జూర గింజలతో పచ్చీసు ఆడుతుంటే, పెద్దవాళ్ళు చెప్పులు విప్పి ఫోను ముందు నిలబడి, అంత దూరానికి అంత గొంతు కావాలన్నట్టు అరుస్తూ మాట్లాడేవాళ్ళు.

వాళ్ళలో నర్సయ్య మామ అల్ షహానియాలో ఒంటెలు కాసేవాడు. అమ్మను అక్కా అనేవాడు. ఇక్కడ ఘాఫ్ అనే చెట్టు మన జమ్మేనని కనిపెట్టింది ఆయనే. ప్రతి దసరాకు ఒక కొమ్మ తెచ్చేవాడు, ఒంటె వాసనతో సహా. నాయిన ఆరోజు కారుకూ ఫోనుకూ బొట్టు పెట్టేవాడు. మేం ఆ ఎడారి ఆకునే బంగారమని చేతుల్లో పెట్టి పెద్దల కాళ్ళు మొక్కి, అమ్మ చేసిన మలీద ముద్దలు తినేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, జమ్మి ఇచ్చిన మర్నాడే, ఆయన సంచితో వచ్చాడు. పాస్‌పోర్టు ఒంటెల యజమాని దగ్గరే ఉండిపోయింది. పని విడిచి పారిపోతున్నాడని పెద్దవాళ్ళ గుసగుసల్లో విన్నాను.

"యాడికి పోతున్నవు మామా?" అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. అంతలో అమ్మ చెయ్యి నా నోటిమీద పడింది. "పొయ్యేటోణ్ని యాడికని అడుగుతరానే? కూసో తమ్మీ, నీళ్ళు తాగి పో."

"పిల్ల గదా అక్కా, ఏమనకు," అని నవ్వుతూ కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. వెళ్ళిపోయాడు. చెప్పబోయిన జవాబు ఆ గ్లాసులోనే మునిగింది.

ఆ తరవాత ప్రతి దసరాకు ఒక్క ఫోను. "అందరు మంచిగున్నరా అక్కా? మా అవ్వకు బతికే ఉన్ననని చెప్పు." అంతే, పెట్టేసేవాడు. మా ఫోనులో అవతలి నంబరు కనపడదు. అమ్మ ఊరికి ఫోను చేసి ఆయన తల్లి లస్మవ్వకు ఆ కబురు చెప్పించేది. ఎక్కడున్నావని ఒక్కసారీ అడగలేదు. నేను కాలేజీలో చదివి శకునాల మీద ఉపన్యాసాలు దంచాను, పత్రికలకు వ్యాసాలు రాశాను. దసరానాడు సెలవు పెట్టి ఆ ఫోను పక్కన మాత్రం కూర్చోలేదు. నా హేతువాదం అంత గొప్పది.

నా టోకెన్ పిలిచారు. కౌంటరులో హైదరాబాదు అబ్బాయి.

"అక్కా, ఇంటి నంబరు మొబైల్ల ఎక్కది. అది వేరే, ఇది వేరే. మాఫీ, కుదరది."

"లైను ఆ విల్లా యజమాని పేరు మీదుంది. ఆయన కొడుకు సంతకం తెచ్చాను."

"సంతకం కాదు, ఆయననే తెచ్చినా ఎక్కది."

"ఉమ్ సలాల్‌లో మా కొత్త ఇంటికి మార్చు."

"ఏరియా మారితే నంబరు మారుతది. లైన్ ఉన్నన్ని దినాలు కాల్స్ నీ మొబైల్‌కు మళ్ళిస్త. ఇల్లు కూల్తే లైన్ ఉండది. ఎప్పుడు కూలుస్తరు?"

"ఈ నెలాఖరుకు."

దసరా ఆ పై నెలలో. ఇంకో కాగితం తెస్తానన్నాను, పై అధికారిని పిలవమన్నాను, గొంతు పెంచాను. అతను ఓపికగా నవ్వి వెనకవాళ్ళ టోకెన్ నొక్కాడు.

ఉమ్ సలాల్ తిరిగొచ్చి ఫోను బల్లమీద పెట్టాను. దాని తీగ నేలదాకా వేలాడింది. అమ్మ కొంగుతో కుంకుమ తుడవబోయింది. రాలేదు.

"ఈ దసరాకు చేస్తే అడుగుదామనుకున్న బిడ్డా," అంది. "యాడున్నవురా అని."

శుక్రవారాలు పోయాయి, పచ్చీసు పోయింది, షహానియా దారిలో ఆ ఘాఫ్ ఉందో లేదో తెలియదు. వచ్చే దసరాకు నర్సయ్య మామ తనకు గుర్తున్న ఒకే నంబరు నొక్కుతాడు. లస్మవ్వ కబురు కోసం చూస్తుంది.

ఈ పేజీ పక్కన పెట్టండి. దూరాన ఉన్న మీ మనిషికి ఇప్పుడే ఫోను చేయండి. ఎక్కడున్నావు, ఎవరి దగ్గర, ఏ క్యాంపు, అడగండి. కాగితం మీద రాసుకోండి. రేపు గడప దాటేవాణ్ని నిలబెట్టి అడగండి. నీళ్ళు తరవాత ఇవ్వొచ్చు.