ఐదు మూటల కంబళ్లతో ఆత్మకూరుకు

దేశం రెండైన ఏడాది చలికాలంలో, ఉత్తరాదిన ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు గుడారాల్లో వణుకుతున్నారని మా పల్లెకు కబురు వచ్చింది. మాది ఉదయగిరి దగ్గర గొర్రెలు కాచుకునే పల్లె. మా దగ్గర డబ్బు లేదు గాని కంబళ్లున్నాయి. ఇంటికొకటి చొప్పున ఇస్తే ఐదు మూటలయ్యాయి. బడికి పోకపోయినా ఉన్ని తూకాల లెక్క చూసేది నేనే కాబట్టి వాటిని చేర్చే పని నాకు అప్పగించారు. ఆత్మకూరులో రెండు చోట్ల పుచ్చుకుంటున్నారు: బజారులో వర్తకుల సంఘం ఒకటి, చర్చి ఆవరణలో నర్సు రూతమ్మగారు నడిపేది ఇంకొకటి. ఎవరికివ్వాలో నేనే చూసి తేల్చాలి. చలి మహా అయితే ఇంకో నెలన్నర. కంబళ్లు ఆలోగా చేరకపోతే ఇచ్చీ ఇవ్వనట్టే.

ఉదయం ఏడింటికి ఉదయగిరిలో, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఎక్కాను. టిక్కెట్టు రూపాయి, టాపు మీది మూటలన్నింటికీ కలిపి ఇంకో రూపాయి. నా వెంట పోలమ్మవ్వ కూడా బయలుదేరింది. పల్లెలో అందరికంటే మెత్తని కంబళి ఇచ్చింది ఆమే.

"నా కంబళి ఎవురి చేతిలో పెడతావో నేను జూడాల. నీకు లెక్కలు దెలుసు గాని మనుషులు దెలవదురా," అంది. టిక్కెట్టు మాత్రం నా చేతే కొనిపించింది.

ఒక ఎత్తు దగ్గర బస్సు మొరాయించింది. క్లీనరు బొగ్గుపొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పుతుంటే అందరం దిగి నడిచాం. "రూపాయిచ్చి నడవడమేందిరా? సగం ఎనక్కి అడుగు!" అని అవ్వ పోరు. మాతో నడుస్తున్న మస్తాన్ సాయిబు పకపకా నవ్వాడు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే మనిషి, అనుమసముద్రంపేట దర్గాకు పోతున్నాడు. నేను అడగదలచిన రెండు ప్రశ్నలు ఆయనకు చెప్పాను: ఎప్పుడు పంపుతారు, ఎవరు పంచుతారు.

"ఇంకోటి గూడా అడుగన్నా. పేరడిగి ఇస్తారా, చలి జూసి ఇస్తారా? మావాళ్లూ అట్నే ఇళ్లొదిలి పరిగెత్తినారు గదా," అన్నాడు సాయిబు.

నాకు తట్టని ప్రశ్న అది. దాన్నే మొదటిదిగా పెట్టుకున్నాను. దర్గాకు పోయే దారి దగ్గర దిగుతూ ఆయన అవ్వకు ఒక గరిటె ఇచ్చాడు.

"గట్టిదేనా?"

"నీ కోడలి నెత్తిన కొట్టి చూసుకో అవ్వా!"

పదిన్నరకు ఆత్మకూరు చేరాం. ఇడ్లీ, కారప్పొడి, కాఫీ ఇద్దరికీ కలిపి నాలుగణాలు. తర్వాత మూటలను ఒంటెద్దు బండిలో వేయించుకుని వర్తకుల సంఘానికి పోయాం. అక్కడి కార్యదర్శి మంచి మర్యాదస్తుడు, కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. మూట విప్పి చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏంది పెద్దాయనా, పెళ్లికి అరువిచ్చినారా?"

ప్రతి కంబళికీ మూలన రంగుదారం కుట్టి ఉంది. పెళ్లిళ్లప్పుడు మా పల్లెలో ఇల్లిల్లూ తిరిగి కంబళ్లు అరువు తెచ్చుకుంటారు. ఎవరిది వాళ్లకు తిరిగి చేరడానికి తలా ఒక రంగు. అలవాటు చొప్పున, ఇచ్చే ముందు అందరూ కొత్త దారం కూడా వేసి మరీ ఇచ్చారు. ఇవి తిరిగి రావని ఒక్కరికీ తోచలేదు. నా కంబళికీ ఎర్రదారం మెరుస్తోంది.

"దారాలు పీకేసి మా సంఘం ముద్ర వేయిస్తాం. మతం గితం చూడం, అందరికీ ఇస్తాం. పెద్ద నాయకుడొకరు రాగానే సభ పెట్టి, ఆయన చేతుల మీదుగా సాగనంపుతాం," అన్నాడు కార్యదర్శి.

"ఎప్పుడు?"

"ఆయనకు తీరిక దొరకాల గదా."

"అప్పటికి ఎండలొస్తాయి నాయనా. ఈసారి ఇసనకర్రలు తెస్తాంలే," అంది అవ్వ. కార్యదర్శి కూడా నవ్వాడు. మూటలు మళ్లీ బండెక్కి చర్చి ఆవరణకు చేరాయి.

రూతమ్మగారు ఢిల్లీ దగ్గరి శిబిరంలో పనిచేసి, బట్టల కోసం వచ్చారు. ఈ గురువారం రైలుకే మళ్లీ అక్కడికి ప్రయాణం. ఈసారి నవ్వులపాలు కాకూడదని, మూట విప్పగానే నేనే దారాలు పీకబోయాను.

"అయ్యో, ఆగండి!" అని ఆమె నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "అక్కడ అన్నీ బూడిదరంగు దుప్పట్లే. తెల్లారితే ఇది నాది, అది నీది అని తగువులు. ఈ దారముంటే పసిబిడ్డయినా తన కంబళి గుర్తుపడుతుంది."

"పేరడిగి ఇస్తారా అమ్మా?" అన్నాను.

"ముందు కప్పుతాం. మందుచీటీ రాసేటప్పుడు ఎటూ పేరు కావాలి, అప్పుడడుగుతాం."

అవ్వ ఇంకా దిగిరాలేదు. "దోవలో నువ్వు కప్పుకోవు గదా?"

రూతమ్మగారు నవ్వి, మాసికలేసిన తన శాలువా తెచ్చి చూపారు. అవ్వ దాన్ని తడిమి చూసి, నా వైపు తిరిగి, "ఇంకా ఏంది జూస్తుండావు? ఈమెకియ్యి," అంది. నేను ఇంకో ప్రశ్న అడగబోయి మానుకున్నాను.

మూడింటికి తిరుగు బస్సు. ఇలాంటి పని మీద ఆత్మకూరు వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇచ్చే వస్తువుతో పాటు చివరిదాకా పోయే మనిషి ఎవరో కనుక్కోండి. పొద్దు వాలేసరికి కిటికీల్లోంచి చలిగాలి కొట్టింది. మూటలు కట్టిన ఖాళీ గోతాల్లో ఒకదాన్ని మడిచి అవ్వ నెత్తి మీదుగా కప్పుకుంది. కండక్టరు గోతాలకు చార్జీ అడిగాడు.

"కప్పుకున్నదానికీ చార్జీనా? కట్టుకున్న కోకను గూడా తూకమెయ్యి!" అంది. బస్సంతా గొల్లుమంది.

అప్పుడడిగాను, పొద్దున్నే అడగవలసిన మాట. "అవ్వా, ఇంట్లో నీకు ఇంకో కంబళి ఉందా?"

"గొర్రెలుండాయి గదరా, బొచ్చు మళ్లీ రాదా ఏంది? వాళ్లకు గొర్రెల్లేవు," అని గోతాం ముఖం మీదికి లాక్కుంది. ఉదయగిరి కొండ కనబడేదాకా హాయిగా గురకపెట్టింది.