ఆవిడ కన్ను కాదు, నా బ్యాటరీ

నాలుగేళ్లు ఒక మాట మోశాను. పురుగుమందు ట్యాంకు నిండుగా ఉన్న డ్రోనునైనా ఇద్దరం చెరో పక్క పట్టుకుంటే లేపేస్తాం. దీన్ని మాత్రం ఒక్కదాన్నే మోశాను. మా ఆయనకు కూడా ఒక కొస అందించలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పడం తేలిక. పేరు రాయను. మా ఊరివాళ్లు చదివితే మాత్రం వెంటనే పట్టేస్తారు, ఎందుకంటే ప్రత్తిపాడుకీ పర్చూరుకీ మధ్యనున్న మా ఊళ్లో డ్రోను ఎగరేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే. పట్టుకోనివ్వండి.

ముందే చెబుతున్నా, ఇది ఏడుపు కథ కాదు. నవ్వొచ్చే కథే. నవ్వొస్తుంది కాబట్టే ఇన్నాళ్లు దాగింది. ఊరంతా చెప్పుకుని నవ్వే సంగతిలో ఒక మనిషి నవ్వడం మానేసిందని ఎవరు చూస్తారు? నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆవిడని ఇక్కడ సుగుణమ్మగారు అంటాను. అసలు పేరు వేరే. భర్త పోయాక మూడెకరాల మిరప చేను తనే దగ్గరుండి చేయించుకుంటుంది. ఆవిడకొక అలవాటు. ఏది చూసినా "అబ్బ!" అంటుంది. వంకాయ నిగనిగలాడితే అబ్బ. ఎవరి పిల్లయినా కొత్త పరికిణీ కట్టుకుంటే అబ్బబ్బ. బస్సు టైముకి వచ్చినా అబ్బే. ఒక్కదాని మీదా ఈర్ష్య లేదు, ఒట్టి సంతోషం. ఆవిడ పలకరిస్తే గేదె కూడా ఇంకో చెంబెడు పాలిస్తుందని మా అత్త నవ్వేది.

రైతుల సంఘం డ్రోను కొంటోంది, నేర్చుకోవడానికి ఎవరు వెళతారు అని అడిగినప్పుడు నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది ఆవిడే. నిజంగానే పట్టుకుని ఎత్తింది. "ఇదుగో, ఇది పోద్ది. టెన్త్ పాసైంది, నోరుంది, భయం లేదు," అంది. భయం లేకేం, బోలెడుంది. గుంటూరులో పది రోజులు నేర్చుకుని వచ్చాను. మొదటిసారి ఆ యంత్రం నా వేళ్ల కింద నేల వదిలి లేచినప్పుడు ఎంత సంతోషమేసిందంటే, అందరూ ఉన్నారని కూడా చూడకుండా గంతేశాను.

అక్కడ సారు బ్యాటరీల గురించి ఒక రోజంతా చెప్పారు. పొట్ట ఉబ్బిన బ్యాటరీ ఇక ఎగరడానికి పనికిరాదు. లోపల గ్యాసు పుట్టిందని అర్థం. ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, నొక్కొద్దు. గాల్లో ఉండగా అంటుకుంటే ఆర్పేవాడెవడూ ఉండడు. ఇసుక బకెట్లో పెట్టి ఇంటికి దూరంగా ఉంచండి. ఇదంతా ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. "నొక్కరాదు" అన్న మాట కింద రెండు గీతలున్నాయి. నేనే గీశాను.

మా ఊళ్లో ముందు ఎవరూ నా చేతికి చేను ఇవ్వలేదు. మా ఆయన అన్న, మా బావగారు, రచ్చబండ మీద కూర్చుని "దోసె తిరగెయ్యడం రాదుగానీ డ్రోను తిప్పుద్దంట" అనేవాడు. అప్పుడు కూడా సుగుణమ్మగారే. "ముందు నా చేలో ఎగరెయ్యవే. పడితే నా చేలోనే పడిద్ది," అంది. ఆవిడ మిరపకి నల్లతామర పురుగు పట్టింది. మొదటి కోత అయిపోయింది, రెండో కాపు మీద ఉంది. ఆ పక్కనే మేం కౌలుకు చేసే పొలం, అందులో మా కల్లం. ఎండబోసిన మిరపకాయలు ఎర్రగా, గలగలమంటూ ఉన్నాయి.

సరే, బ్యాటరీ. నాలుగుండేవి. ఒక్కో విడతకు ఒకటి. చేలు దొరక్క ఖాళీ బీట్లో ఎగరేసి చెయ్యి అలవాటు చేసుకునే రోజుల్లో, దించగానే, ఇంకా చెయ్యి కాలుతుండగానే ఛార్జింగ్ పెట్టేసేదాన్ని. నిండా ఎక్కించి రేకుల షెడ్డులో వారాల తరబడి వదిలేసేదాన్ని. ఆ రోజు పొద్దున ఒకదాన్ని గచ్చు మీద పెడితే పీటలాగా కుదురుగా కూర్చోలేదు. ఊగింది. పొట్ట వచ్చేసింది. నాకు తెలుసు. ఎర్ర పెన్ను గుర్తుంది. అయినా నేనేం చేశానో తెలుసా? దాని మీద మిరప టిక్కీ పెట్టాను. నిండు బస్తా!

నవ్వండి, పర్లేదు. మా ఇళ్లలో పైకి లేచేదేదైనా బరువు పెట్టి అణచడమే కదా. జాడీ మూత మీద రాయి, గాలికి ఎగిరే పట్టా మీద ఇటుక. నా బుర్ర అంతవరకే పోయింది. మధ్యాహ్నం టిక్కీ తీసి చూస్తే నిజంగానే కాస్త అణిగింది. "అబ్బ!" అన్నాను నేను. గుర్తుంచుకోండి, ఆ రోజు ఆ మాట ముందు అన్నది నేనే.

మూడు బ్యాటరీలతో మూడు విడతలు బ్రహ్మాండంగా కొట్టాను. ఊళ్లో సగం మంది కల్లం దగ్గర చేరారు. బావగారు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. ఇంకో అరెకరం మిగిలింది. అప్పుడు ఆపేసి, "బ్యాటరీలు అయిపోయాయి, మిగతాది రేపు," అనొచ్చు. ఎందుకనలేదు? ఎవరైనా తొందరపెట్టారా? లేదు. ఆ కుర్చీలో మనిషి లేచి "చూశారా, చెప్పానా" అంటాడని. అంతే. ఆ ఒక్క మాట పడలేక నాలుగోది తీశాను. అది డ్రోను గూట్లో సరిగా కూర్చోలేదు, క్లిప్పు పడలేదు. మోకాలితో నొక్కాను. టిక్కీలు కుట్టే పురికొసతో కట్టాను.

లేచింది. ఎంత బాగా లేచిందనుకున్నారు! అరెకరం కొట్టేసింది. గట్టు మీద దించితే అయిపోయేది. నేను దించలేదు. పైకి లేపి కల్లం మీదికి తిప్పాను, అందరి తలల మీదికి. మనుషుల మీద ఎగరెయ్యొద్దన్నది నా పుస్తకంలో మొదటి పేజీ మొదటి వాక్యం. తలలన్నీ పైకి లేచాయి. సుగుణమ్మగారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మొహమంతా నవ్వుతో, ఊరంతా వినపడేలా అంది. "అబ్బబ్బ! ఏం ఎగరేస్తన్నావే తల్లీ!"

చేతిలో రిమోటు కీచుమంది. పైన బుస్సుమని తెల్ల పొగ. డ్రోను ఒక పక్కకు ఒరిగి, మా మిరపకాయల్లో పడింది. సుగుణమ్మగారికి రెండు గజాల అవతల.

రెండు గజాలు. ఆ సంగతి మా ఊళ్లో ఎవరూ చెప్పుకోరు. నేను మాత్రం ఆ కల్లం మీదుగా వెళ్లినప్పుడల్లా అడుగులు వేసి కొలుస్తాను. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆ తర్వాతదే ఊరు చెప్పుకునే కథ. బ్యాటరీ భగ్గుమంది, ఎండు మిరపకాయలు అంటుకున్నాయి. ఇక చూడండి! గుంటూరు మిరప, ఎర్రటి ఎండ, గాలి ఊరి వైపు. మట్టి పోసి ఆర్పేవాళ్లు దగ్గు, చూసేవాళ్లు దగ్గు. కుర్చీతో సహా బావగారు కాలవ దాకా పరిగెత్తాడు. పర్చూరు బస్సు ఆగిపోయి, లోపలున్న వాళ్లంతా తలలు బయటపెట్టి తుమ్మారు. గేదెలు తుమ్మాయి. గేదె తుమ్మడం మీరెప్పుడైనా విన్నారా? గంటసేపు ఊళ్లో ఒక్కరు కూడా పూర్తి వాక్యం మాట్లాడలేకపోయారు. నిప్పు ఆరాక ఒకరి ఎర్ర కళ్లు ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు.

బావగారు తువ్వాలు ముక్కుకి పెట్టుకుని వచ్చాడు. "ఏమైందమ్మాయ్?"

నేను చెప్పాను. "ఇప్పటిదాకా బానే ఎగిరింది బావగారూ. సుగుణమ్మగారు అబ్బ అన్నారు. పడింది."

మళ్లీ చదవండి. అందులో ఒక్క అబద్ధం ఉందా? ఎగిరింది, ఆవిడ అంది, పడింది. మూడూ నిజాలే. వాటిని ఆ వరసలో పెట్టింది నేను. పురికొస గురించి అడగలేదు కాబట్టి చెప్పలేదు. "ఆవిడ కన్ను అంతే," అని గుంపులోంచి ఎవరో దగ్గుతూ అన్నారు. అయిపోయింది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. మాది చర్చికి వెళ్లే ఇల్లు. మా ఇంట్లో దిష్టి తియ్యరు. నాకు ఆ నమ్మకమే లేదు. నమ్మేవాళ్లు ఆ మాట అంటే అమాయకత్వం అనుకోవచ్చు. నమ్మని నేను, అవసరానికి పక్కవాళ్ల నమ్మకం అరువు తెచ్చుకుని, నన్ను పైకెత్తిన మనిషి మీదే పెట్టాను. దీన్నేమంటారు? దేవుడి ముందు చాలాసార్లు ఒప్పుకున్నాను. ఆయనకి ముందే తెలుసు. తెలియాల్సింది ఆవిడకి.

ఇంకా వినండి. దిష్టి ఉంటే మిరపకాయలు కాల్చినా ఘాటు రాదంటారు కదా మావాళ్లు? మరి ఆ రోజు బస్సు కూడా తుమ్మింది! వాళ్ల లెక్కనే చూసినా ఆవిడ కన్నులో ఏ దోషమూ లేదు. సాక్ష్యం అందరి గొంతుల్లోనే గరగరలాడుతోంది. ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది. నోరు మూసుకున్నాను.

మొదట్లో ఆవిడ కూడా నవ్వేసింది. తర్వాత పెళ్లి చీరలు చూపించేవాళ్లు ఆవిడ రాగానే మడతపెట్టడం మొదలుపెట్టారు. తల్లులు పిల్లల బుగ్గ మీద చుక్క ఉందో లేదో చూసుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆవిడ నోట అబ్బ వినపడటం మానేసింది. నేల చూస్తూ నడిచేది. అన్నిటికంటే ఘోరం, తనే నమ్మేసింది. నేను మాత్రం సంఘం తెచ్చిన కొత్త డ్రోనుకి ఎవరో నిమ్మకాయా మిరపకాయలూ కడితే వద్దనకుండా ఎగరేసుకుంటూ పేరు తెచ్చుకున్నాను. ఒక్కటి మాత్రం మారింది. బ్యాటరీ గచ్చు మీద రవ్వంత ఊగినా ఇసుక బకెట్లోకే. ఇంత జాగ్రత్త ఎక్కడ నేర్చుకున్నావని అందరూ మెచ్చుకుంటారు.

పోయిన నెల మా అమ్మాయి మా ఇంట్లోనే పురుడు పోసుకుంది. మనవరాలు! ఇల్లంతా పండగ. సుగుణమ్మగారు చిన్న గౌను కుట్టి పట్టుకొచ్చింది. లోపలికి రాలేదు. గేటు దగ్గర, ఇంటికి వీపు పెట్టి నిలబడి అడిగింది. "ఎట్టా ఉందే పిల్ల? జుట్టు ఒత్తుగా ఉందా?"

పిల్లని చూడటానికి వచ్చి, పిల్లకి వీపు పెట్టి నిలబడింది. అక్కడే, గేటు పట్టుకుని మొత్తం చెప్పేశాను. టిక్కీ, పురికొస, మోకాలు, బావగారి కుర్చీ, రెండు గజాలు. ఆవిడ కదలకుండా విన్నది. అప్పుడంది.

"మరి ఘాటెందుకొచ్చిందా అని నాలుగేళ్లుగా నన్ను నేనే అడుగుతన్నానే."

తిట్టలేదు, పోనీలే అనలేదు. గౌను నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

పక్కింటి ముందు కొత్తగా పుట్టిన దూడ కట్టేసి ఉంది. ఆవిడ ఆగింది. మెల్లగా తలెత్తింది. వీధి అదిరిపోయేలా, "అబ్బబ్బ! ఏం దూడే!" అంది. పక్కింటావిడ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి దూడకి కొంగు అడ్డం పెట్టింది. నేను గేటు దగ్గర నిలబడి ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. వెంటనే వెళ్లి ఆ కొంగు పట్టుకుని లాగాను. "ఆవిడ కన్ను కాదు, నా బ్యాటరీ," అని మొదటిసారి పైకి అన్నాను. "ఏమో, ఎందుకైనా మంచిది," అంది పక్కింటావిడ. చూశారా, నేను మూడు మాటల్లో కట్టిన ముడి. ఎన్ని మాటలకు ఊడుతుందో?

ఊడేదాకా చెబుతాను. బావగారికి చెప్పాను, నోట్లో టీ బయటికొచ్చింది. చర్చిలో లేచి చెప్పాను. ఏ చేనుకి మందు కొట్టడానికి వెళ్లినా ఉబ్బిన బ్యాటరీ ఒకటి ఇసుక బకెట్లో చూపించి, దాంతోపాటు ఇదీ చెబుతున్నాను. ఇప్పుడు మీకు చెప్పాను. ప్రాణం ఎంత తేలికపడిందో!

సుగుణమ్మగారు నాతో మాట్లాడటం లేదు. మా మనవరాలిని ఇంకా చూడలేదు. రోజూ పొద్దున చేనుకి పోతూ మా వీధిలోంచే వెళుతుంది, తలెత్తుకుని. ఎదురింటి మందారానికి ఒక అబ్బ, పక్కింటి దూడకి ఒక అబ్బబ్బ. మా గేటు దగ్గరికి వచ్చేసరికి ఏమీ వినపడదు. నేను మనవరాలిని ఒళ్లో పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. మా ఇల్లు దాటాక మళ్లీ మొదలవుతుంది, ఎవరి పాదునో చూసి. వీధి చివరిదాకా వింటాను.