రెండు మైనం చుక్కలు

మధురవాడలో మా ఆఫీసులో నెలాఖరు శుక్రవారం, ఆ నెలలో పుట్టినవాళ్ళందరికీ కలిపి ఒకే కేకు కోయిస్తారు. చప్పట్లు కొట్టి కొవ్వొత్తులు ఊదేశాక, క్రీము వాసన మీదుగా ఆరిన ఒత్తి వాసన, కరిగిన మైనం వాసన సన్నగా లేస్తుంది చూడండి, అది ముక్కుకి తగిలిందంటే నాకిక కేకు సయించదు. "రత్నా మేడమ్ డైటింగ్" అని కుర్రవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ వాసన తగలగానే నేను ఎనిమిదేళ్ళ పిల్లనైపోయి మా లారీ ఇంజను మూత మీద కూచుంటానని వాళ్ళకేం తెలుసు!

మా నాన్న అప్పారావు సబ్బవరం దగ్గర చోడి చేలు వదిలేసి గాజువాక వచ్చి, స్టీలు ప్లాంటు నుంచి ఇనుప చువ్వలు మోయడానికి పాత లారీ ఒకటి కొనుక్కున్నాడు. ఆయనకి దేవుడు దండిగా ఇచ్చింది ఒక్కటే, అనుమానం. పాలు పోయించుకుంటే గోరు మీద చుక్క వేసి జారుతుందో నిలుస్తుందో చూసేవాడు. బంకులో డీజిలు అరచేతిలో పట్టి వాసన చూసేవాడు. పంచరుకి టైరు విప్పితే ట్యూబు మార్చేస్తారేమోనని ముందే దాని మీద ఎవరికీ కనపడని గుర్తు పెట్టుకునేవాడు. గుడికెళ్తే ఒక చెప్పు ఈ మూల, రెండోది ఆ మూల విడిచి, దేవుడికి దణ్ణం పెడుతూ కూడా ఓ కన్ను గుమ్మం వైపే ఉంచేవాడు. ఆ గుణం నాకూ వచ్చింది లెండి, పాల ప్యాకెట్టు మీద తేదీ రెండుసార్లు చదవందే కత్తెర పెట్టను.

బడికి వేసవి సెలవులిచ్చారంటే నా కాపురం ఆటోనగర్లోనే. అమ్మ తమ్ముడు సింహాచలం మావయ్యకి అక్కడో రేకుల షెడ్డు ఉండేది. నెత్తిన రేకులు ఎండకి టపటపమంటుంటే, కింద వెల్డింగు పొగ, గ్రీజు, పక్క షెడ్డులో బస్సులకి కొట్టే రంగు వాసన, వీటన్నిటి మధ్యనా మావయ్య నాకోసం తాటాకులో కట్టించి తెచ్చిన ముంజెల చల్లటి వాసన. అందరి పిల్లలూ గాజు గోలీలాడితే నేను పాత బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గుండ్లతో ఆడేదాన్ని. ఎండలో పడున్న గుండు పట్టుకుంటే వేలు చురుక్కుమనేది. హార్బరు వైపు నుంచి గాలి మళ్ళిందంటే బొగ్గు నుసి వచ్చి ఆరేసిన బట్టల మీదా, ముంజెల మీదా, నా కనురెప్పల మీదా వాలేది. మావయ్య సన్నటి మనిషి, మాట తక్కువ. బొటనవేలు మాత్రం ఇంత వెడల్పు, నా మూడు వేళ్ళు కలిపినంత. మా లారీ ముందు జాలీకి రేకు కోసి, ఎర్ర రంగేసి, 'రత్నం' అని నా పేరు అతికించింది ఆయనే. గాజువాకలో ఏ పిల్ల పేరూ అంత ఎత్తున తిరగలేదని నాకు మహా గొప్పగా ఉండేది.

పేరు సరే, లారీకే ఓపిక లేదు. చువ్వలెత్తుకుని శృంగవరపుకోట దాటి అరకు ఘాటీ ఎక్కాలంటే నల్లపొగ, మొదటి గేరు, వెనకాల బస్సుల వాళ్ళ తిట్లు. అది చూడలేక మావయ్య పోర్టు వేలంలో వచ్చిన పాత ఓడ సామాన్లలోంచి ఒక బ్లోయరు తెచ్చి బిగించాడు. ఇంజనుకి బెల్టు వేసి తిప్పితే అది గాలిని నొక్కి లోపలికి తోస్తుంది. గాలి పెరిగితే బలం పెరుగుతుంది. ముసలి ఇంజను కదా అని, పెద్ద పుల్లీ వేసి అది నెమ్మదిగా తిరిగేలా, కొంచెం గాలే తోసేలా చేశాడు. లారీ రెండో గేర్లో ఘాటీ ఎక్కింది. నాన్న మూడు రోజులు సంతోషంగా ఉన్నాడు, అది ఆయనకి చాలా ఎక్కువ.

నాలుగో రోజు మావయ్య బ్లోయరు గొట్టం తడిమి చూసి, "నొక్కిన గాలి ఏడెక్కుద్ది బావా. ఏసవిలో, లోడు మీద, ఆ ఏడిగాలే లోపలికెల్తే పిస్టను మాడిపోద్ది. ముందర గాలి సల్లార్సే ఇంటర్‌కూలర్ ఎట్టేద్దాం. ఓడ సామాన్లోదే, నా కాడుంది," అన్నాడు.

ఆ చివరి మాటే కొంప ముంచింది. నాన్న కళ్ళు సన్నమైపోయాయి. "అదీ సంగతి! నీ కాడుంది గాబట్టి నా ఇంజినికి ఏడెక్కిందేటి? తోసిన గాలే గుప్పెడు, దాన్ని సల్లార్చడానికి మల్లీ ఓ పెట్టా? రేడియేటరికి గాలి అడ్డం, ఆ పెట్టెలో దూరొచ్చేసరికి తోసిన గాలీ నీరసపడిపోద్ది. నాను సదువుకోలేదు గానీ ఎర్రోణ్ణి కాదు సింహాచలం!"

నిజానికి ఇద్దరి మాటలోనూ నిజముంది. కొంచెం గాలికి కూలర్ ఉన్నా లేకపోయినా ఒకటేనని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. తేల్చేది ఆ ఘాటీ, ఆ ఎండ, ఆ లోడు. మావయ్య వాదన పెంచకుండా ఓ కొవ్వొత్తి వెలిగించి, బ్లోయర్లోకి గాలి వెళ్ళే గొట్టం మీద ఒక చుక్క, బయటికొచ్చే గొట్టం మీద ఇంకో చుక్క వేశాడు. మైనం గట్టిపడబోతుంటే రెండింటినీ బొటనవేలితో నొక్కాడు. "రెండూ కరిగితే అది ఇంజిను ఏడి. రెండోదొక్కటే కరిగితే బ్లోయరు ఏడి, కూలర్ ఎయ్యాల. ఏదీ కరక్కపోతే నువ్వే గెలిసినట్టు బావా."

నాన్న ఇంజను మూతకి తాళం వేశాడు. ఘాటీకి మావయ్య రాకూడదన్నాడు, వస్తే వేలు పెడతాడట. మరి నాన్న ఒక్కడే వెళ్తే మావయ్య నమ్మాలి కదా? అందుకని తాళంచెవి నల్లతాడుకి కట్టి నా మెడలో వేశారు. ఇద్దరికీ నమ్మకమున్న మనిషిని నేనేనట. అన్ని అనుమానాల మధ్య అంత పెద్దరికం నెత్తినెక్కితే ఏ పిల్లైనా పాడవుతుంది.

ఆ కాలపు లారీల్లో ఇంజను డ్రైవరు పక్కనే, మూత కింద ఉండేది. దాని మీద బొంత పరిచి నన్ను కూచోబెట్టేవాళ్ళు. ఘాటీ ఎక్కుతున్నంతసేపూ కింద నుంచి వేడి, బ్లోయరు ఈల, పనసపళ్ళ వాసన, నాన్న గొంతులో కూనిరాగం. అనంతగిరి పైన మూడు గంటలు చువ్వలు దించుతుంటే నేను క్యాబిన్లో ఒక్కదాన్నే ఉన్నాను. తాళంచెవి నా మెడలోనే ఉంది. చూడకుండా ఎలా ఉంటాను? మా నాన్న కూతుర్ని కదా.

మొదటి చుక్క వేలిముద్రతో సహా చెక్కుచెదరలేదు. రెండోది కరిగి, గొట్టం మీద చారికై కారిపోయింది. మావయ్య మాటే నిజం. నిజమైతే నాకేం? నాకు తెలిసిందొక్కటే, కూలర్ పెట్టాలంటే ముందు జాలీ కోసెయ్యాలి, నా పేరు ఊడిపోతుంది. గొట్టం అప్పటికే చల్లారిపోయింది. గౌను అంచుతో చారిక తుడిచేశాను. అమ్మవారి పటం దగ్గరున్న కొవ్వొత్తి వెలిగించి ఓ చుక్క వేసి, మావయ్య చేసినట్టే బొటనవేలితో నొక్కి, ఊది, తాళం వేసేశాను. ఆరిన ఒత్తి వాసన క్యాబినంతా నిండిపోతే రెండు తలుపులూ తీసి పెట్టాను. దిగేటప్పుడు ఖాళీ బండి, పైగా దారంతా వాన. ఏదీ కరగలేదు.

ఆటోనగర్లో పదిమంది ముందు మూత తెరిచారు. "సూసారా! రెండూ అలాగే ఉన్నాయ్. పాత తుక్కు నాకంటగట్టాలని సూసాడు, సొంత బావకే!" అని నాన్న రంకెలేశాడు. మావయ్య వంగి ఆ చుక్కలు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. గుడ్డకి చేతులు తుడుచుకుని లోపలికెళ్ళిపోయాడు. నా పేరు నిలిచింది, ఆయన పేరు పోయింది. బావనే మోసం చేసినవాడు మనల్ని వదుల్తాడా అని ఒక్కో లారీ ఆ షెడ్డు మానేసింది. మరుసటి వేసవి అదే ఘాటీలో పిస్టను మాడి ఇంజను పట్టేసింది. కసితో సింహాచలమే బ్లోయర్లో ఏదో చేసుంటాడని నాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు. నాన్న బండెక్కి వెళ్ళాక అమ్మ తన తమ్ముడి ఇంటికి కూర గిన్నె పట్టుకెళ్ళేది, అదీ కొంగు చాటున. నాన్న పోయినరోజు మావయ్య వచ్చి వీధిలోనే నిలబడి వెళ్ళిపోయాడు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. సిగ్గులేని పిల్లని.

మొన్న శుక్రవారం మళ్ళీ ఆ కొవ్వొత్తుల వాసన. ఆదివారం పొద్దున్నే బయల్దేరి గాజువాకలో మావయ్య ఇంటికెళ్ళాను. ఆయన అరుగు మీద కూచుని సైకిలు చెయినుకి నూనె పెడుతున్నాడు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. ఆయన చెయిను తిప్పడం ఆపలేదు.

"నాకు ఆరోజే తెలుసు కదమ్మా. ఒక సుక్క మీద నా ఏలు ముద్ర, ఇంకో సుక్క మీద సిన్న ముద్ర. సింతగింజంత."

"మరెందుకు చెప్పలేదు మావయ్యా? నీ షెడ్డు పోయింది కదా!" నాకు ఏడుపు ఆగలేదు.

"మీ నాన్నకి లోకంలో అందరి మీదా అనుమానమేనమ్మా. దేవుడి మీద కూడాను. నీ ఒక్కదాని మీద లేదు. అదొక్కటీ నా సేత్తో పాడుసెయ్యబుద్ధవలేదు. పోనీ, జీడిమావిడి పల్లున్నాయి, తింటావేటి?"

వచ్చే దారిలో ఆటోనగర్లో దిగాను. మావయ్య షెడ్డున్న చోట గేటేసిన గోడౌను ఉంది. లారీలు ఇప్పుడు కూలర్ లోపలే పెట్టుకుని కంపెనీ నుంచి వస్తున్నాయి, దానికోసం ఎవరూ కొట్టుకోరు. ఉక్కు గుండ్లు ఏరుకునే పిల్లలు లేరు. లారీ తుక్కుకి పోయినప్పుడు నాన్న ఊడదీసి తెచ్చిన నా పేరు రేకు మా బాల్కనీలో తులసికుండీ వెనక ఉంది, ఎరుపంతా పోయింది. నాన్న ఉండుంటే ఇప్పుడైనా వెళ్ళి చెప్పేదాన్ని. చెప్పినా నమ్మేవాడు కాదు. సింహాచలమే నాకు ఈ మాటలు నేర్పి పంపాడనేవాడు.