తల్లి గుండ్రం పైన గీయని గీత

2010 ఆగస్టు. నారాయణగూడ ఫ్లైఓవర్‌కు దగ్గరలోని ఒక రక్తవ్యాధుల క్లినిక్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి ఆరేళ్లు. రక్తం తీయడంతో పాటు ఇంకో పని కూడా నాదే. రోగి డాక్టరమ్మ గదిలోకి వెళ్లేముందు ఇంట్లోవాళ్ల వివరాలు అడిగి పెడిగ్రీ చార్ట్ గీయాలి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, జబ్బున్నవాళ్లకు లోపల నలుపు. తల్లిదండ్రుల గుర్తుల నుంచి పైకి గీతలు వెళ్తే తాతలు, మేనమామలు, బాబాయిలు వస్తారు. స్కేలు పెట్టి గీసేవాణ్ని. అచ్చు వేసినట్టుందని డాక్టరమ్మ మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు బాగా ఒంటబట్టింది.

ఆ శనివారం వచ్చిన కుటుంబానిది మహబూబ్‌నగర్ జిల్లా. చిక్కడపల్లి మార్కెట్ వెనక బస్తీలో కిరాయికుంటున్నారు. పెంటయ్య సెంట్రింగ్ పని చేస్తాడు, భార్య బాలమణి ఇటుకలు మోస్తుంది. పెద్దకొడుకు నర్సింలుకు పదహారేళ్లు. వాడి పొట్టలో గడ్డ. ముక్క తీసి పరీక్షిస్తే లింఫోమా అని తేలింది. అంటే రోగాలతో పోరాడవలసిన తెల్లకణాలలోనే పుట్టే క్యాన్సర్. చిన్నవాడు శ్రీశైలానికి తొమ్మిదేళ్లు. బల్ల మీద కూర్చుని నా స్కేలు వైపే చూస్తున్నాడు.

బయట చాలామంది ఉన్నారు. నేను అలవాటు ప్రకారం అడిగాను. “మీ ఇంటిపేరు వాళ్లలో ఎవరికైనా ఇలాంటి గడ్డలు, క్యాన్సర్ ఉన్నాయా?”

పెంటయ్య నవ్వాడు. “మా ఇంట్లనా సారు? మా తాతకు తొంబై ఏండ్లు, జొన్నరొట్టె కొరికి తింటడు. మా అయ్య ఇప్పటికీ తాటిచెట్టెక్కుతడు. మాది ఉక్కు ఒళ్లు సారు.”

బాలమణి మెల్లగా అంది. “మా తమ్ముండ్లు ఇద్దరు గిట్లనే, జరమొచ్చి...”

“జర ఆగే. సారు మన ఇంటోళ్లను అడుగుతుండు,” అన్నాడు పెంటయ్య.

ఆమె నా వైపు చూసింది. నేను తలెత్తకుండానే అన్నాను. “అది మీ పుట్టింటి సంగతి కదమ్మా. నాకు ఈ ఇంటిది చాలు.”

తండ్రి చతురస్రం పైన మూడు తరాలు నీటుగా గీశాను. తల్లి గుండ్రం పైన ఏమీ గీయలేదు. కింద ‘కుటుంబ చరిత్ర: నిల్’ అని రాసి సంతకం పెట్టాను.

నర్సింలు అదృష్టవంతుడు. పెద్దాసుపత్రిలో కీమోథెరపీ తీసుకుని కోలుకున్నాడు. జుట్టు మళ్లీ వచ్చాక ఒకరోజు క్లినిక్ మెట్ల మీద తల వంచి చూపించి, “ఇప్పుడు రింగులు తిరిగింది సారు, మునుపటికన్న మంచిగుంది,” అన్నాడు.

2012 జనవరిలో శ్రీశైలానికి జ్వరం వచ్చింది. మెడ కింద బిళ్లలు, పచ్చబడిన కళ్లు. పదకొండో రోజున ఆసుపత్రిలో పోయాడు.

పెంటయ్య ఆ ఆసుపత్రి కాగితాలు తెచ్చి డాక్టరమ్మకు చూపించాడు. ఆమె చదివి, నర్సింలు ఫైలు తెమ్మన్నారు. అందులో నా చార్టు తీసి, తల్లి గుండ్రం పైన ఖాళీగా ఉన్నచోట వేలు పెట్టారు. “ఒకే ఇంట్లో ఇద్దరు మగపిల్లలు. తల్లి వైపు ఏముంది?” అని నన్నడిగారు. నాకు బాలమణి ఆగిపోయిన మాట గుర్తొచ్చింది. చెప్పాను.

ఆమె వివరించింది ఇది. ఎప్స్టైన్-బార్ అనే వైరస్ దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. మామూలుగా ఒంట్లోని రోగనిరోధక కణాలు దాన్ని అదుపులో పెడతాయి. ఆ పనికి కావలసిన ఒక జీన్ కొన్ని కుటుంబాల్లో తేడాగా ఉంటుంది. అలాంటి పిల్లల్లో కొందరు ఆ జ్వరంతోనే పోతారు, కొందరికి లింఫోమా వస్తుంది. ఆ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు కాబట్టి ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. కొడుక్కి ఉండేది ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. ఇంటిపేరు వెంట ఎన్ని తరాలు వెతికినా అది దొరకదు.

“నేను ఆ మాట రాసి ఉంటే?” అన్నాను.

“చిన్నవాడికి పరీక్ష చేయించేదాన్ని. బతికేవాడని చెప్పలేను. ఒక అవకాశం ఉండేది.” ఫైలు మూసి, “చార్టు అందంగా ఉందని నేనూ మళ్లీ అడగలేదు,” అన్నారు. ఆ మాట నన్ను తేలిక చేయడానికే అన్నారు. తేలిక కాలేదు.

బస్తీకి వెళ్లడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అశోక్‌నగర్‌లోని మా ఇంటి నుంచి నడిస్తే పావుగంట దూరం. రెండుసార్లు మార్కెట్ దాకా వెళ్లి తిరిగొచ్చాను.

ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. ‘తల్లి నుంచి’ అనే మాట రాగానే నాకు భయం వేసింది, పెంటయ్య భార్యను నిందిస్తాడేమోనని. ఇందులో ఆమె తప్పు ఏమీ లేదని గబగబా అన్నాను.

“ఎవల నుంచి వస్తేంది సారు,” అన్నాడు పెంటయ్య. “కొడుకైతే నాకూ కొడుకే గద.” లేచి బయటికి వెళ్లిపోయాడు.

నేను బాలమణితో అన్నాను. “ఆ రోజు మీరు చెప్పబోతే నేను చెప్పనివ్వలేదమ్మా. తప్పు నాది.”

ఆమె ఏడవలేదు. “నేను చెప్పిన సారు. నువ్వే రాయలె.”

మళ్లీ ఆమే అడిగింది. “మా చెల్లెకు ఇద్దరు మగపిల్లలున్నరు. ఆళ్లకు గూడ అయితదా?”

“తెలియదమ్మా. పరీక్ష చేయాలి.”

“కాయిదం ఉన్నదా?”

జేబులో ఉంది. తీశాను.

“అయితే ఇప్పుడన్న రాస్కో.”

స్కేలు లేదు. చేత్తోనే గీశాను. ఆమె గుండ్రం పైన తల్లి, పక్కన చెల్లెలు, జ్వరంతో పోయిన ఇద్దరు తమ్ముళ్లు. ఒకరికి ఏడేళ్లు, ఒకరికి పన్నెండు. ఇంకా అడిగితే ఆమె తల్లికి ఒక అన్న ఉండేవాడని, గడ్డ లేచి పోయాడని చెప్పింది. గీతలు వంకరగా వచ్చాయి. నేను గీసిన చార్టులన్నిటిలో సరైనది అదే.

నర్సింలు రక్తం, ఆ పిల్లలిద్దరి రక్తం నేనే తీసి వేరే ఊళ్లోని పెద్ద ల్యాబ్‌కు పంపాను. రెండు నెలలకు ఫలితం వచ్చింది. నర్సింలులో ఉన్న తేడాయే చెల్లెలి చిన్నకొడుకులో ఉంది, పెద్దవాడిలో లేదు. చిన్నవాడికి జ్వరమొస్తే ఆ రోజే తేవాలని డాక్టరమ్మ ఆ తల్లితో ముమ్మారు చెప్పించుకున్నారు. పెద్దవాడి ఎముక మూలుగ తమ్ముడికి మార్పిడి చేయడానికి సరిపోతుందేమో చూడటానికీ పంపించారు. 2014లో నేను ఆ క్లినిక్ మానేసేనాటికి ఆ చిన్నవాడు బడికి వెళ్తున్నాడు.

ఇప్పుడు నేను పనిచేసే చోట చార్టు తల్లితో మొదలుపెడతాను. క్యాన్సర్ ఉందా అని ముందు అడగను, చిన్నతనంలో పోయిన పిల్లలెవరైనా ఉన్నారా అని అడుగుతాను. భర్త జవాబు చెప్పబోతే, “మీరు తర్వాత,” అంటాను. జవాబు పూర్తయ్యేదాకా కలం ఎత్తి పట్టుకుంటాను.

కొత్త చార్టు ఫైల్లో పెట్టిన రోజు పాతది చించేయవచ్చని డాక్టరమ్మ అన్నారు. చించలేదు, దిద్దలేదు. వంకర గీతల కాగితం పైన, నీటుగా ఉన్నది కింద. రెండింటి మీదా సంతకం నాదే.